పైతాన్ బేస్ ఇమేజ్ ఎంపిక: మద్దతు గడువును ముందు పెట్టి చేసిన పోలిక

పైతాన్‌లో రాసిన అప్లికేషన్‌ను కంటైనర్‌లో (తనకు కావలసిన ఫైళ్లన్నీ వెంట ఉంచుకుని నడిచే పెట్టెలో) పెట్టేటప్పుడు చాలామంది డాకర్‌ఫైల్ మొదటి పంక్తి దగ్గరే ఆగిపోతారు. అప్లికేషన్ కింద ఉండే ఆపరేటింగ్ సిస్టమ్ ఫైళ్ల సిద్ధమైన మూటను, అంటే బేస్ ఇమేజ్‌ను, ఎంచుకునేది అక్కడే. డెబియన్ లినక్స్ మీది చిన్న ఇమేజ్ స్లిమ్ తీసుకోవాలా, ఇంకా చిన్న లినక్స్ ఆల్పైన్ తీసుకోవాలా, ఉబుంటు మీద పైతాన్ వేసుకోవాలా, రెడ్‌హ్యాట్ ఉచితంగా ఇచ్చే బేస్ ఇమేజ్ యూబీఐకి వెళ్లాలా అన్న ప్రశ్నకు నెట్‌లో దొరికే జవాబులు ఎక్కువగా ఇమేజ్ సైజు చుట్టూనే తిరుగుతాయి. సైజు లెక్కలోకి రాదని కాదు. అయితే విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల చిన్న బృందాలు చేసే పనిని గమనిస్తే, ఆటోనగర్ విడిభాగాల దుకాణాల బిల్లింగ్ కానివ్వండి, మిర్చి యార్డులో కమీషన్ ఏజెంట్ల ఖాతాలు కానివ్వండి, గన్నవరం, మంగళగిరి ఆఫీసుల నుంచి బయటి క్లయింట్లకు నడిపే వెబ్ సేవలు కానివ్వండి, ఒకసారి నిలబెట్టిన ఇమేజ్ రెండు మూడేళ్లపాటు ఎవరూ కదపకుండా నడుస్తూ ఉంటుంది. అందువల్ల ఆ ఇమేజ్‌కు భద్రతా ప్యాచ్‌లు ఏ తేదీ వరకు వస్తాయి, ఆ తేదీని ఎంపిక చేసిన రోజే కాగితం మీద పెట్టగలమా అన్నదే మొదటి ప్రమాణంగా ఉండాలని నా అభిప్రాయం. ఈ పోలిక అంతా ఆ కోణంలోనే సాగుతుంది.

గడువు ఒక్కటి కాదు, మూడు

మందుల షీటు మీద అచ్చు వేసినట్టు ఇమేజ్ మీద గడువు తేదీ సాధారణంగా ఎవరూ వేయరు. దాన్ని మూడు చోట్ల నుంచి ఏరుకొచ్చి మనమే కూర్చుకోవాలి.

మొదటిది పైతాన్ గడువు. ఏటా అక్టోబరులో ఒక కొత్త సంస్కరణ వస్తుంది. ప్రతి సంస్కరణకూ దాదాపు అయిదేళ్ల మద్దతు ఉంటుంది. 3.9కు 2025 అక్టోబరుతో గడువు తీరింది. 3.10కి 2026, 3.11కి 2027, 3.12కి 2028, 3.13కి 2029, 3.14కి 2030 అక్టోబరు ఆఖరు. ఈ అయిదేళ్లలో మొదటి భాగం సాధారణ లోపాల సవరణకు, మిగిలిన భాగం భద్రతా సవరణలకు మాత్రమే. మొదటి భాగం 3.12 వరకు ఏడాదిన్నరగా ఉండేది, 3.13 నుంచి రెండేళ్లయింది. భద్రతా దశలోకి వెళ్లిన సంస్కరణకు పైతాన్ బృందం సోర్స్ కోడ్ మాత్రమే విడుదల చేస్తుంది, ఇన్‌స్టాలర్లు ఇవ్వదు. డాకర్ అధికారిక ఇమేజ్ పైతాన్‌ను సోర్స్ నుంచే కంపైల్ చేసుకుంటుంది కాబట్టి కంటైనర్ వాడేవారికి ఈ మార్పు తెలియను కూడా తెలియదు.

రెండవది కింద ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్ గడువు. డెబియన్ విడుదలకు మూడేళ్ల సాధారణ భద్రతా మద్దతు, ఆ తరువాత వేరే బృందం చూసే ఎల్‌టీఎస్ (దీర్ఘకాల మద్దతు) కలిపి దాదాపు అయిదేళ్లు. ఆల్పైన్‌కు దాదాపు రెండేళ్లు. ఉబుంటు ఎల్‌టీఎస్‌కు అయిదేళ్లు. రెడ్‌హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్‌కు పదేళ్లు.

మూడవదాన్నే ఎక్కువమంది మరిచిపోతారు: ఇమేజ్‌ను తయారుచేసి రిజిస్ట్రీలో (అందరూ ఇమేజ్‌లను దించుకునే సర్వర్‌లో) పెట్టేవారి విధానం. డాకర్ అధికారిక పైతాన్ ఇమేజ్‌ను సాధారణంగా ఆఖరి రెండు డెబియన్ విడుదలల మీద, ఆఖరి రెండు ఆల్పైన్ విడుదలల మీద మాత్రమే తిరిగి బిల్డ్ చేస్తారు. 2025 ఆగస్టు 9న డెబియన్ 13, అంటే ట్రిక్సీ, వచ్చాక డెబియన్ 11 మీది పైతాన్ ఇమేజ్‌లు ఆగిపోయాయి. డెబియన్ 11కు ఎల్‌టీఎస్ మద్దతు 2026 ఆగస్టు ఆఖరు వరకు ఉంది. అంటే ఓఎస్‌కు ఇంకా ఏడాది ఆయుష్షు ఉండగానే ఇమేజ్‌కు తీరిపోయింది. సిద్ధమైన ఇమేజ్‌లు అందించే బిట్నామీ వారి ఉచిత ఇమేజ్‌ల విషయంలో 2025లో ఇంతకన్నా పెద్ద మార్పే జరిగింది. సంస్కరణ సంఖ్యలున్న ట్యాగులను (ఇమేజ్ పేరు చివర రాసే గుర్తులను) లెగసీ రిపాజిటరీకి తరలించి, వాటికి కొత్త ప్యాచ్‌లు ఆపేశారు. అలాంటి మరో సంస్థ చైన్‌గార్డ్ 2023లోనే ఉచితంగా తాజా ట్యాగును మాత్రమే ఇచ్చే విధానానికి మారింది. ఈ మార్పుల్లో సాఫ్ట్‌వేర్ గడువు ఏదీ తీరలేదు, ప్రచురించేవారి నిర్ణయం మాత్రమే మారింది.

మూడింటిలో ఏది ముందు తీరితే అదే మీ ఇమేజ్ గడువు.

గడువు తీరిన ఇమేజ్ రిజిస్ట్రీ నుంచి మాయం కాదు. పుల్ చేస్తే వస్తుంది, రన్ చేస్తే నడుస్తుంది, ఎక్కడా హెచ్చరిక కనబడదు. చివరికి ఒకరోజు బిల్డ్‌లో ప్యాకేజీల జాబితా తెచ్చే ఆప్ట్-గెట్ అప్‌డేట్ దగ్గర 404, అంటే దొరకలేదన్న ఎర్రర్, వస్తుంది. ఎందుకంటే పాత డెబియన్ విడుదలల ప్యాకేజీలను కొంతకాలానికి ప్రధాన సర్వర్ల నుంచి ఆర్కైవ్ సర్వర్‌కు తరలిస్తారు. అప్పుడు సోర్సెస్ లిస్టులో ఆర్కైవ్ చిరునామా రాసి బిల్డ్‌ను గట్టెక్కించడం మామూలుగా జరిగే పని. దాంతో బిల్డ్ పచ్చగా మారుతుంది గానీ ప్యాచ్‌లు మాత్రం రావు.

దేన్ని దేనితో కొలవాలి

గడువు తేదీ ముందే తెలుస్తుందా అన్న ప్రశ్న తరువాత నేను చూసేది పైతాన్‌ను ఎవరు ప్యాచ్ చేస్తున్నారన్నది. అధికారిక ఇమేజ్‌లలో ఆ పని పైతాన్ బృందానిది; ఉబుంటు, రెడ్‌హ్యాట్, డిస్ట్రోలెస్‌లలో (షెల్ కూడా లేని కనీస ఇమేజ్‌లలో) డిస్ట్రిబ్యూషన్ వారిది, అంటే ఆ లినక్స్‌ను కూర్చి ఇచ్చేవారిది. డిస్ట్రిబ్యూషన్ వారు సంస్కరణ సంఖ్యను మార్చకుండా సవరణలను వెనక్కి తెచ్చి పాత కోడ్‌లో కలుపుతారు కాబట్టి గడువు ఎక్కువ వస్తుంది, కానీ దానికి వేరే ధర ఉంది. యూబీఐ దగ్గర ఆ సంగతి చూద్దాం. ఆ పైన మీరు వాడే లైబ్రరీలు ఆ ఇమేజ్‌పై సులువుగా ఇన్‌స్టాల్ అవుతాయా, గడువు తీరే నెల మీ క్లయింట్ పని ఒత్తిడి ఉండే నెలతో ఢీకొంటుందా అన్నవి చూడాలి. సైజును చివర పెడతాను.

| ఎంపిక | పైతాన్ ప్యాచ్‌లు ఎవరివి | ఓఎస్ మద్దతు గడువు | ఆఖరి తేదీ ముందే రాయగలమా |
|---|---|---|---|
| అధికారిక స్లిమ్, డెబియన్ 13 | పైతాన్ బృందం | 2028 ఆగస్టు. ఎల్‌టీఎస్‌తో 2030 జూన్ | రెండు గడువులు తేదీతో, మూడవది సంఘటనతో |
| అధికారిక ఆల్పైన్ 3.22 | పైతాన్ బృందం | 2027 మే 1 | ఓఎస్‌కు అవును, ఇమేజ్‌కు ఇంకా ముందే తీరవచ్చు |
| ఉబుంటు 24.04లోని పైతాన్ 3.12 | కానానికల్ (ఉబుంటును తయారుచేసే సంస్థ) | 2029 | అవును |
| యూబీఐ 9లోని పైతాన్ 3.9 | రెడ్‌హ్యాట్ | 2032 మే | అవును |
| డిస్ట్రోలెస్, డెబియన్ 12లోని పైతాన్ 3.11 | డెబియన్ | 2026 జూన్. ఎల్‌టీఎస్‌తో 2028 జూన్ | పాక్షికంగా |

అధికారిక స్లిమ్ ఇమేజ్

ప్రత్యేకమైన కారణం లేనివారు ఇక్కడే మొదలుపెట్టడం మంచిది. ఎక్కువ లినక్స్‌లు వాడే సీ లైబ్రరీ జీలిబ్‌సీ మీద నడుస్తుంది కాబట్టి, పైతాన్ ప్యాకేజీలు దొరికే పైపైలోని వీల్స్ (ముందే కంపైల్ చేసిన ప్యాకేజీలు) దాదాపు అన్నీ నేరుగా పనిచేస్తాయి. పూర్తి ఇమేజ్ ఒక జీబీకి దగ్గరగా ఉంటే స్లిమ్ అందులో ఏడెనిమిదో వంతు ఉంటుంది.

చూసుకోవలసింది ట్యాగు పేరు. పైతాన్ 3.12-స్లిమ్ అని మాత్రమే రాస్తే కింద ఏ డెబియన్ ఉందో ఆ ట్యాగు చెప్పదు. 2025 ఆగస్టులో ఆ ట్యాగు కింద డెబియన్ 12 పోయి 13 వచ్చింది. డాకర్‌ఫైల్‌లో ఒక్క అక్షరం మారకుండానే ఓఎస్ మారిపోయింది. ఏదైనా సిస్టమ్ లైబ్రరీ పేరు మారినందువల్ల బిల్డ్ ఆగినవారికి కారణం వెతకడానికి కొంత సమయం పట్టి ఉంటుంది. గడువును రాసి పెట్టుకోవాలంటే ట్యాగులో డెబియన్ పేరు తప్పక ఉండాలి: 3.12-స్లిమ్-ట్రిక్సీ అన్నట్టు. అలా రాసినప్పుడే ఆ ట్యాగుకు ఏ ఓఎస్ గడువు వర్తిస్తుందో నిర్ధారణగా చెప్పగలం.

జతను ఎంచుకోవడంలో ఒక చిన్న లెక్క ఉంది. పైతాన్ 3.12 గడువు 2028 అక్టోబరు, డెబియన్ 13 సాధారణ మద్దతు 2028 ఆగస్టు. రెండూ రెండు నెలల తేడాతో తీరతాయి కాబట్టి ఒకే మార్పుతో రెండూ దాటవచ్చు. అదే పైతాన్ 3.13ను డెబియన్ 12 మీద పెడితే 2029 వరకు పైతాన్ ఉన్నా, డెబియన్ 14 విడుదలైన కొద్దికాలానికే ఆ జత బిల్డ్ కావడం ఆగిపోతుంది. డెబియన్ సుమారు రెండేళ్లకు ఒకటి చొప్పున విడుదలవుతుంది గానీ తేదీని ఏళ్ల ముందే ప్రకటించే అలవాటు లేదు. అందుకే పట్టికలో ఆ గడువును తేదీగా కాక సంఘటనగా చెప్పాను.

ఆల్పైన్

సైజులో దీనికి పోటీ లేదు. పైతాన్‌తో కలిపినా సుమారు 50 ఎంబీ దగ్గర ఉంటుంది. ఊళ్లలో నెమ్మదైన కనెక్షన్ మీద క్లయింటు మిషన్‌కు ఇమేజ్ పంపవలసినవారికి ఇది నిజమైన లాభమే.

అయితే గడువు దృష్టితో చూస్తే ఇదే అన్నిటికన్నా తొందరగా తరుముతుంది. ఆరు నెలలకు ఒక విడుదల, ఒక్కోదానికి రెండేళ్లు. అదీ ప్రధాన రిపాజిటరీకి మాత్రమే. కమ్యూనిటీ రిపాజిటరీలోని ప్యాకేజీలకు తరువాతి స్థిర విడుదల వచ్చేవరకే మద్దతు ఉంటుంది. అధికారిక పైతాన్ ఇమేజ్ ఆఖరి రెండు ఆల్పైన్‌ల మీదే ఉంటుంది కాబట్టి, ఒక ఆల్పైన్‌కు రెండేళ్ల మద్దతు ఉన్నా దాని మీది పైతాన్ ఇమేజ్‌కు ఆచరణలో దాదాపు ఒక ఏడాదే ప్యాచ్‌లు వస్తాయి. ఏడాదికి ఒకసారైనా బేస్ మార్చి, పరీక్షించి, మళ్లీ పంపగలిగినవారికే ఇది సరిపోతుంది.

దీనికి తోడు ఆల్పైన్ మజల్ అనే సీ లైబ్రరీ మీద నడుస్తుంది. 2021లో మజల్ కోసం కంపైల్ చేసిన మజల్‌లినక్స్ వీల్స్‌కు ప్రమాణం వచ్చాక పరిస్థితి చాలా మెరుగుపడింది గానీ, ఆ వీల్స్ ఇవ్వని ప్యాకేజీ ఒక్కటి తగిలినా జీసీసీ కంపైలర్‌ను తెచ్చి కంపైల్ చేయవలసి వస్తుంది. అప్పుడు బిల్డ్ సమయమూ పెరుగుతుంది.

గుంటూరు వారు గమనించవలసిన సంగతి ఇంకొకటి ఉంది. ఆల్పైన్ 3.20 గడువు తేదీ 2026 ఏప్రిల్ 1. మిర్చి యార్డుకు టిక్కీలు (మిర్చి బస్తాలు) ముమ్మరంగా వచ్చేది ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు; ఆ రోజుల్లో కమీషన్ కొట్లో కాటా చీటీల ఎంట్రీ అరగంట ఆగినా ఫోన్లు మోగుతూనే ఉంటాయి. ఆ నెలల్లో బేస్ ఇమేజ్ మార్పుకు ఏ కొట్టు యజమానీ ఒప్పుకోడు, ఒప్పుకోకపోవడమే సబబు. పైతాన్ గడువులు అక్టోబరులో పడటం ఈ విషయంలో మనకు కలిసి వచ్చింది. జావాస్క్రిప్ట్‌ను సర్వర్ మీద నడిపే నోడ్ జేఎస్ వాడేవారికి ఆ సౌకర్యం లేదు. దాని ఎల్‌టీఎస్ సంస్కరణల గడువులు సాధారణంగా ఏప్రిల్ 30న పడతాయి. అటువంటప్పుడు మార్పును యార్డు వేసవి సెలవుల్లో, అంటే గడువుకు ముందు ఏడాదే, ముగించుకోవాలి.

ఉబుంటు ఎల్‌టీఎస్

ఉబుంటు 24.04తో వచ్చే పైతాన్ 3.12కు కానానికల్ 2029 వరకు భద్రతా ప్యాచ్‌లు ఇస్తుంది. పైతాన్ బృందం గడువు 2028 అక్టోబరుతో తీరినా కొన్ని నెలలు అదనంగా దొరుకుతాయి. కానానికల్ సబ్‌స్క్రిప్షన్ ఉబుంటు ప్రో తీసుకుంటే మరో అయిదేళ్లు. సర్వర్లన్నీ ఇప్పటికే ఉబుంటు మీద ఉన్న ఆఫీసులో కొత్తగా నేర్చుకోవలసింది ఏమీ ఉండదు, ఒకే గడువు తేదీ సర్వర్‌కూ ఇమేజ్‌కూ సరిపోతుంది.

రెండు షరతులున్నాయి. అయిదేళ్ల హామీ మెయిన్ విభాగంలోని ప్యాకేజీలకే; యూనివర్స్ విభాగంలోని వాటికి అదే హామీ కావాలంటే ప్రో అవసరం. డాకర్‌ఫైల్‌లో ఆప్ట్‌తో వేసిన ప్రతి ప్యాకేజీ ఏ విభాగానిదో ఒకసారి చూసి రాసుకోవాలి. ఇక సిస్టమ్ పైతాన్‌లో నేరుగా పిప్‌తో (పైతాన్ ప్యాకేజీలు వేసే పనిముట్టు) ఇన్‌స్టాల్ చేయబోతే ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్ ఎన్విరాన్‌మెంట్ అన్న ఎర్రర్ వస్తుంది. బ్రేక్ సిస్టమ్ ప్యాకేజెస్ అన్న ఆప్షన్‌తో దాన్ని తోసిపుచ్చవద్దు. ఇమేజ్ లోపలే ఒక వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (అప్లికేషన్ ప్యాకేజీలకు విడి ఫోల్డరు) పెట్టుకోవడం సరైన దారి.

రెడ్‌హ్యాట్ యూబీఐ

కాగితం మీద చూస్తే గడువు పోటీలో ఇదే గెలుస్తుంది. రెడ్‌హ్యాట్ లినక్స్ 9 వెంట వచ్చిన పైతాన్ 3.9కు ఆ విడుదల జీవితకాలమంతా, అంటే 2032 మే వరకు, రెడ్‌హ్యాట్ ప్యాచ్‌లు ఇస్తుంది. పైతాన్ బృందం దాన్ని 2025 అక్టోబరులోనే వదిలేసింది. యూబీఐని సబ్‌స్క్రిప్షన్ లేకుండా వాడుకోవచ్చు, క్లయింట్లకు పంచుకోవచ్చు. ఫోన్ చేసి సాయం అడిగే హక్కు కావాలంటే మాత్రం సబ్‌స్క్రిప్షన్ ఉన్న రెడ్‌హ్యాట్ వేదిక మీద నడపాలి.

ధర ఎక్కడుందంటే, పైతాన్‌కు గడువు పొడిగించినంత మాత్రాన దాని మీది లైబ్రరీలకు పొడిగించినట్టు కాదు. వెబ్ ఫ్రేమ్‌వర్క్ జాంగో సంగతి తీసుకోండి. 5.0 నుంచి జాంగోకు కనీసం పైతాన్ 3.10 కావాలి. కాబట్టి 3.9 మీద ఉన్నవారు 4.2 ఎల్‌టీఎస్ దగ్గరే ఆగిపోవాలి. దాని మద్దతు 2026 ఏప్రిల్ వరకే. కింద నేల 2032 వరకు గట్టిగా ఉన్నా, మన అప్లికేషన్ నిలబడిన ఫ్రేమ్‌వర్క్‌కు ఆరేళ్ల ముందే గడువు తీరుతుంది. ఆ కొత్త ఫ్రేమ్‌వర్క్ కోసం యూబీఐ 9లోనే 3.11, 3.12 కూడా దొరుకుతాయి, కానీ వాటి గడువులు 3.9కు ఉన్నంత పొడవు కావు. పదేళ్ల మాట విని ఎంచుకునేవారు తాము వాడబోయే సంస్కరణకు ఆ పదేళ్లు వర్తిస్తాయో లేదో ముందు చూసుకోవాలి. యూబీఐ 10తో 3.12 ప్రధాన పైతాన్‌గా వస్తుంది కాబట్టి కొత్తగా మొదలుపెట్టేవారికి అది మెరుగైన బేరం.

ఆడిట్ దగ్గర మరొక చిక్కు ఉంది. ప్యాచ్ వెనక్కి తెచ్చినప్పుడు సంస్కరణ సంఖ్య పాతదిగానే కనిపిస్తుంది. భద్రతా లోపాలను వెతికే స్కానర్ సంఖ్యను మాత్రమే చూసేదైతే దాన్ని లోపంగా చూపిస్తుంది, రెడ్‌హ్యాట్ భద్రతా సమాచారాన్ని చదివే స్కానర్ చూపించదు. రిపోర్టులో ఎర్ర గీత కనబడగానే కంగారుపడే క్లయింట్ ఉంటే, ఏ స్కానర్ వాడాలో ఒప్పందంలోనే తేల్చుకోవడం మేలు.

డిస్ట్రోలెస్

ఇందులో కమాండ్లు ఇచ్చే షెల్ లేదు, ప్యాకేజ్ మేనేజర్ లేదు. దాడి చేసేవాడికి పనిముట్లు దొరకవు, రాత్రి పదింటికి లోపం వెతికే మనకూ దొరకవు. పైతాన్ సంస్కరణను ఎంచుకునే వీలు లేదు, కింది డెబియన్‌లో ఏముంటే అదే. బిల్డ్, పరీక్ష, విడుదల అన్నీ యాంత్రికంగా జరిగే బృందానికి మాత్రమే సూచిస్తాను.

ఎవరికి ఏది

దుకాణంలోని మిషన్ మీద ఇన్‌స్టాల్ చేసి, ఏడాదికి ఒకటి రెండుసార్లు మాత్రమే వెళ్లి చూసే చిన్న వ్యాపారులకు ఉబుంటు 24.04 గానీ, 3.12-స్లిమ్-ట్రిక్సీ గానీ సరైనది. ఆల్పైన్ సైజు ఎంత ఊరించినా, మీరు వెళ్లని నెలల్లోనే దాని గడువు తీరుతుంది. ప్రతిరాత్రి తిరిగి బిల్డ్ చేసే పైప్‌లైన్ ఉన్న ఉత్పత్తి బృందాలకు స్లిమ్ మంచిది. పైప్‌లైన్ బలంగా ఉంటే ఆల్పైన్, డిస్ట్రోలెస్ కూడా భారం కావు. ఇంజనీరింగ్ విద్యార్థుల ప్రాజెక్టుకు ఏదైనా చాలు, ట్యాగులో పేరు పూర్తిగా రాస్తే అంతే.

ప్రభుత్వ శాఖలకు, బ్యాంకులకు సబ్ కాంట్రాక్టు కింద పనిచేసేవారి సంగతి వేరు. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2024 అక్టోబరులో సాఫ్ట్‌వేర్ బిల్ ఆఫ్ మెటీరియల్స్ (సాఫ్ట్‌వేర్‌లోని భాగాల జాబితా) మీద సాంకేతిక మార్గదర్శకాలు విడుదల చేసింది. ప్రతి భాగానికీ రాయవలసిన కనీస వివరాల్లో గడువు ముగిసే తేదీ కూడా ఒకటి. సంఘటనతో ముడిపడిన గడువును ఆ గడిలో రాయడం ఇబ్బంది. అందువల్ల తేదీ ముందే ఖరారైన యూబీఐ, ఉబుంటులకు ఇక్కడ మొగ్గు ఉంటుంది.

తేదీలను ఎక్కడ రాయాలి

దీనికీ మూడు దారులున్నాయి. రిపాజిటరీలో ఒక పట్టిక రాసిపెట్టడం అన్నిటికన్నా సులువు, మనుషులు చదువుతారు, కానీ ఎవరూ సవరించకపోతే పాతబడుతుంది. ఇమేజ్‌లో లేబుల్‌గా పెడితే ఇమేజ్ ఎక్కడికి వెళ్లినా సమాచారం వెంట వెళుతుంది. కంటైనర్ ఇమేజ్‌ల ఓసీఐ ప్రమాణంలో బేస్ ఇమేజ్ పేరుకు, డైజెస్ట్‌కు (ఇమేజ్‌లో ఉన్నదాని నుంచి లెక్కగట్టే గుర్తింపు సంఖ్యకు) లేబుళ్లున్నాయి గానీ గడువుకు లేదు, సొంత పేరుతో పెట్టుకోవాలి. పైగా ఒకసారి బిల్డ్ అయిన ఇమేజ్‌లో లేబుల్ మార్చితే డైజెస్టే మారిపోతుంది. మైక్రోసాఫ్ట్ తన డాట్‌నెట్ ఇమేజ్‌లకు గడువు తేదీని ఇమేజ్ లోపల కాక, రిజిస్ట్రీలో డైజెస్ట్‌కు జతగా పెట్టే పద్ధతిని అందుకే వాడుతోంది. మూడవ దారి తేదీల ఫైలును పైప్‌లైన్‌తో చదివించి, గడువుకు ఆరు నెలల ముందు హెచ్చరిక, గడువు దాటితే బిల్డ్ ఆపివేత పెట్టడం. ఎండాఫ్‌లైఫ్ డాట్ డేట్ సైటు ఈ తేదీలను ఏపీఐ ద్వారా ఇస్తుంది, అయితే మూడవ గడువు అక్కడ దొరకదు.

నలుగురైదుగురు ఉన్న బృందానికి పట్టికనూ పైప్‌లైన్‌నూ కలిపి వాడమంటాను, లేబుళ్ల జోలికి తరువాత వెళ్లవచ్చు. పట్టికలో ఒక నమోదు ఇలా ఉంటే చాలు:

| గడి | నమోదు |
|---|---|
| అప్లికేషన్ | కమీషన్ ఖాతాల సర్వర్ |
| బేస్ ట్యాగు | పైతాన్ 3.12-స్లిమ్-ట్రిక్సీ, డైజెస్ట్‌తో సహా |
| పైతాన్ గడువు | 2028 అక్టోబరు |
| ఓఎస్ గడువు | 2028 ఆగస్టు, ఎల్‌టీఎస్‌ను లెక్కలోకి తీసుకోలేదు |
| ప్రచురణ గడువు | డెబియన్ 15 విడుదలైనప్పుడు |
| మార్పు చేయవలసిన కాలం | 2028 యార్డు వేసవి సెలవులు |
| చివరిగా సరిచూసిన తేదీ, సరిచూసినవారు | ప్రతి మూడు నెలలకు |

ఆఖరి గడి లేని పట్టికను నమ్మవద్దు, ఎందుకంటే ప్రకటించిన తేదీలు కూడా జరుగుతాయి. నోడ్ 16కు మొదట 2024 ఏప్రిల్ అని ప్రకటించి, అది ఆధారపడిన ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.1.1 మద్దతు తీరుతున్నందున 2023 సెప్టెంబరు 11కు ముందుకు జరిపారు. డాట్‌నెట్ 9కు 2026 మే అని ఉన్న గడువును అదే ఏడాది నవంబరుకు పొడిగించారు. ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి.

క్లయింట్ మార్పుకు ఒప్పుకోక గడువు దాటిన ఇమేజ్‌నే నడపవలసి వస్తే, ఆ నమోదును తీసేయకుండా దాని కిందే మినహాయింపు అని రాసి, ఒప్పుకున్నవారి పేరు, ఒప్పుకున్న తేదీ, ఆ సర్వర్‌ను బయటి ఇంటర్నెట్ నుంచి ఎలా వేరుచేశారు, మళ్లీ ఎప్పుడు చర్చించాలి అన్న నాలుగూ చేర్చి, పైప్‌లైన్‌లో ఆ ఒక్క అప్లికేషన్‌కు మాత్రమే ఆపివేతను ఆ తేదీ వరకు సడలించాలి.